తీరం లేని జిల్లా, సముద్రపు వాకిలి: బందరు నుంచి తిమ్మాపూర్ దాకా

పరిచయం

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదుకు రైల్లో గాని, 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో గాని వెళ్ళేటప్పుడు షాద్‌నగర్ దాటిన తరువాత తిమ్మాపూర్ వస్తుంది. ఈ ఊరు కొత్తూరు మండలంలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్వ్యవస్థీకరించే వరకు ఈ మండలం మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడ రైలు పట్టాల పక్కన రంగురంగుల ఇనుప పెట్టెలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. దాని పేరు ఇన్‌లాండ్ కంటైనర్ డిపో. దగ్గరి సముద్ర తీరం అక్కడికి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరం. అయినా విదేశాలకు వెళ్ళే సరుకును కస్టమ్స్ అధికారులు అక్కడే తనిఖీ చేసి సీలు వేయవచ్చు. విదేశాల నుంచి వచ్చిన సరుకు మీద సుంకం అక్కడే కట్టవచ్చు. అంటే రేవులో జరగవలసిన పనుల్లో ఓడ ఎక్కించడం ఒక్కటి తప్ప దాదాపు అన్నీ అక్కడ జరుగుతాయి.

తీరమే లేని ప్రాంతంలోకి రేవు పని ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు కోసం మనం నాలుగు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఓడరేవుల చరిత్రను సాధారణంగా తీరం వైపు నుంచి రాస్తారు: లోతు ఎంత, జెట్టీలు ఎన్ని, ఏ కంపెనీ ఎప్పుడు వచ్చింది అని. ఈ పాఠంలో దాన్ని మెట్ట నేల వైపు నుంచి, అంటే మీరు నిలబడిన చోటు నుంచి చూద్దాం. ఇందుకు 'పృష్ఠభూమి' అన్న మాట అవసరం. రేవుకు వెనుక ఉండి, దానికి సరుకు పంపుతూ, దాని నుంచి సరుకు తెచ్చుకునే భూభాగాన్ని పృష్ఠభూమి అంటారు. రేవు పెరుగుదలను నిర్ణయించేది ఎక్కువగా ఇదే. అయితే పృష్ఠభూమికి రేవు మీద ఏ మేరకు అధికారం ఉంది అన్నది వేరే ప్రశ్న. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల చరిత్రలో ఆ రెండో ప్రశ్నే మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

బందరు: గోల్కొండ రేవు

మచిలీపట్నాన్ని మనం బందరు అని కూడా పిలుస్తాం. 'బందర్' అంటే పారశీక భాషలో రేవు. ఊరి పేరే రేవు అయిపోయిందంటే దాని ప్రాముఖ్యం ఊహించవచ్చు. 16వ శతాబ్ది చివరి నుంచి 17వ శతాబ్ది మధ్య వరకు ఇది కుతుబ్‌షాహీ రాజ్యానికి ప్రధాన రేవు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడికి వచ్చారు. వారికంటే ముందే పారశీక, అరబ్బు, తెలుగు వర్తకుల ఓడలు ఇక్కడి నుంచి ఎర్ర సముద్రానికి, పర్షియాకు, ఆగ్నేయాసియాకు తిరుగుతుండేవి. మీర్ జుమ్లాగా ప్రసిద్ధుడైన మీర్ మహమ్మద్ సయ్యద్‌కు సొంత ఓడలు ఉండేవి. అద్దకపు బట్టలు, ఇనుము, ఉక్కు, వజ్రాలు ఇక్కడి నుంచి బయటికి వెళ్ళేవి.

ఇంత పేరున్నా బందరు సహజమైన మంచి రేవు కాదు. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. అవి దూరంగా లంగరు వేసుకుంటే మసూలా పడవల వంటి చిన్న పడవల మీద సరుకును అలల మీదుగా చేరవేసేవారు. అలాంటి చోటుకు ఇన్ని దేశాల వారు ఎందుకు వచ్చారంటే దాని వెనుక గోల్కొండ ఉంది గనుక. రేవుకూ రాజధానికీ మధ్య ఉన్న బాట హయత్‌నగర్ మీదుగా నల్లగొండ మెట్టలను దాటి కృష్ణ ఒడ్డున బెజవాడ వైపు దిగేది. నేడు హైదరాబాదు నుంచి బందరుకు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి స్థూలంగా ఆ దిశలోనే సాగుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పాలమూరును ఒరుసుకుంటూ పారే కృష్ణ బందరుకు సమీపంలోనే సముద్రంలో కలుస్తుంది కదా, సరుకును నది మీదే పంపవచ్చు కదా అని. కాని నల్లమల కొండల మధ్య కృష్ణ లోతైన ఇరుకు లోయలో రాళ్ళ మీదుగా పరుగెత్తుతుంది. వానాకాలంలో ఉధృతం, ఎండాకాలంలో బండలు. అందుకే సరుకు ఎద్దుల మీద నడిచింది.

ఆ ఎద్దులు చాలావరకు లంబాడీలవి. 17వ శతాబ్దంలో ఈ దారుల్లో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదివేలు, పన్నెండు వేల ఎద్దులతో సాగే బిడారుల గురించి రాశాడు. ధాన్యం, ఉప్పు వారి ముఖ్య సరుకులు. తీరం నుంచి ఉప్పు మెట్టకు ఎక్కేది. మెట్ట నుంచి ధాన్యం దిగేది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎద్దు వీపు ఖాళీగా ఉండకూడదన్నది ఆ వ్యాపారపు మొదటి లెక్క. ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి. కంటైనర్ల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

1687లో ఔరంగజేబు గోల్కొండను ఆక్రమించాడు. ఇంగ్లీషువారు అప్పటికే 1639-40లో మద్రాసులో స్థావరం ఏర్పరచుకుని తమ ప్రధాన వ్యాపారాన్ని క్రమంగా అటు మళ్ళించారు. బందరు ముందరి సముద్రం ఏమీ మారలేదు. వెనుక ఉన్న రాజధాని, దాని కొనుగోలు శక్తి, దాని దర్బారు పోయాయి. రేవు తగ్గిపోయింది. 1864 నవంబరు తుపానులో దాదాపు ముప్ఫై వేల మంది చనిపోయారు. బందరు పతనానికి ఆ తుపానునే కారణంగా చెప్పడం పరిపాటి. నిజానికి అది అప్పటికే క్షీణించిన రేవును తాకింది.

కాగితం మీద సముద్రం

1759లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారి నుంచి బందరును గెలుచుకున్నారు. ఆ తరువాత ఉత్తర సర్కారులు క్రమంగా కంపెనీ అధీనంలోకి వెళ్ళాయి. దీనితో హైదరాబాదు రాజ్యానికి తీరం లేకుండా పోయింది. పాలమూరు, నల్లగొండలు తీరం ఉన్న రాజ్యంలోని మెట్ట భాగాలుగా ఉన్నవి, తీరమే లేని రాజ్యంలో భాగాలయ్యాయి. పాఠ్యపుస్తకాల్లో ఈ మార్పుకు ఒక వాక్యం కూడా దక్కదు. నా దృష్టిలో ఈ ప్రాంత ఆర్థిక చరిత్రలో ఇది పెద్ద మలుపు.

1802లో నిజాం అలీఖాన్‌కూ కంపెనీకీ మధ్య ఒక వాణిజ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం నిజాం బందరు రేవును స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అక్కడ తన వ్యాపార కేంద్రాన్ని, ప్రతినిధులను పెట్టుకోవచ్చు. సరుకు మీద సుంకం 5 శాతం. చదవడానికి ఉదారంగా ఉంది. అయితే వాడుకునే హక్కు వేరు, నడిపే అధికారం వేరు. ఏ ఓడ ఎప్పుడు రావాలి, ఎక్కడ పెట్టుబడి పెట్టాలి, ఏ రేవును పెంచాలి అన్న నిర్ణయాలు కంపెనీవే. కంపెనీకి మద్రాసు ఉంది. బందరును పెంచవలసిన అవసరం దానికి లేదు.

సముద్రం మీద ఈ ఆశ నిజాం రాజ్యపు చివరి రోజుల వరకూ పోలేదు. 1947లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ తరఫున ఆయన న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్ పోర్చుగీసు వారి గోవాలోని మార్ముగోవా రేవు కోసం ప్రయత్నాలు చేశాడు. అవి ఫలించలేదు.

రైలు దిశ మార్చింది

ఎద్దుల బిడారులు తూర్పుకు నడిచాయి. రైలు మాత్రం సరుకును పడమరకు తిప్పింది. బొంబాయి నుంచి మద్రాసుకు వేసిన రైలు మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. ఆనాటి నుంచి హైదరాబాదు వర్తకానికి బొంబాయి ప్రధాన రేవు అయింది. 1889 నాటికి సికింద్రాబాదు నుంచి బెజవాడకు రైలు కలిసింది గాని బెజవాడ నుంచి బందరుకు రైలు రావడానికి 1908 దాకా ఆగవలసి వచ్చింది. ఆ లోపు వర్తకుల అలవాట్లు, అప్పులు, ఆడత్ సంబంధాలు బొంబాయితో ముడిపడిపోయాయి.

మహబూబ్‌నగర్ విద్యార్థులకు ఇక్కడ ఒక విచిత్రమైన విషయం. నేటి నారాయణపేట జిల్లాలోని కృష్ణా స్టేషన్ బొంబాయి-మద్రాసు మార్గం మీద ఉంది. అంటే పాత పాలమూరు పడమటి అంచుకు 1871 ప్రాంతంలోనే రైలు వచ్చింది. జిల్లా కేంద్రానికి మాత్రం సికింద్రాబాదు-గద్వాల మీటర్‌గేజి మార్గంతో 1916లో వచ్చింది. నలభై అయిదేళ్ళ తేడా. అదీ మీటర్‌గేజి కావడంతో బ్రాడ్‌గేజి మీద వెళ్ళవలసిన సరుకును మధ్యలో ఒక బండి నుంచి దించి మరో బండికి ఎక్కించాలి. పల్లీ, ఆముదం, పత్తి బస్తాలకు ప్రతి మార్పిడి దగ్గరా హమాలీ కూలీ, ఆలస్యం, తరుగు. ఈ మార్గం బ్రాడ్‌గేజిగా మారింది 1990లలో. సికింద్రాబాదు-మహబూబ్‌నగర్ మధ్య రెండో లైను పూర్తయింది 2022లో.

లంబాడీల బిడారులకు రైలుతో పని లేకుండా పోయింది. ఉప్పు మీద బ్రిటిషు ప్రభుత్వ నియంత్రణ కూడా వారిని దెబ్బతీసింది. ఒకప్పుడు తీరానికీ మెట్టకూ మధ్య సరుకు నడిపిన వారు తండాల్లో స్థిరపడి, వ్యవసాయ కూలీలుగా, తరువాతి తరాల్లో దూరప్రాంతాలకు వలస వెళ్ళే శ్రామికులుగా మారారు. రవాణా చరిత్రలో వేగం, ఖర్చుల లెక్కలు దొరికినంత తేలికగా పని పోయినవారి లెక్కలు దొరకవు.

తూర్పు తీరంలో ఇంతలో కొత్త రేవు పుట్టింది. విశాఖపట్నం రేవుకు 1933 అక్టోబరులో మొదటి ఓడ 'జలదుర్గ' వచ్చింది. ఈ రేవును తీర్చిదిద్దింది బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే. ముఖ్య ఉద్దేశం మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడం. రాయపూర్-విజయనగరం రైలు మార్గం అందుకే వేశారు. పృష్ఠభూమిని ముందు ఎంచుకుని, దానికి తగిన రేవును తరువాత కట్టడానికి ఇది మంచి ఉదాహరణ. ఆ ఎంపికలో పాలమూరు లేదు.

పెట్టె తెచ్చిన మార్పు

1956 ఏప్రిల్ 26న అమెరికాలో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో బయలుదేరింది. దాన్ని పంపిన మాల్కం మెక్లీన్ లారీల వ్యాపారం నుంచి వచ్చినవాడు. యువకుడిగా పత్తి బేళ్ళ లారీతో రేవు దగ్గర రోజంతా ఎదురుచూస్తున్నప్పుడే, లారీ పెట్టెను అలాగే ఎత్తి ఓడలో పెడితే పోదా అన్న ఆలోచన వచ్చిందని ఆయన తరువాత చెప్పుకున్నాడు. ఈ కథను నమ్మని చరిత్రకారులూ ఉన్నారు. విజయం సాధించాక చెప్పే జ్ఞాపకాలను చరిత్ర విద్యార్థి జాగ్రత్తగా చదవాలి. లెక్క మాత్రం స్పష్టం. విడి సరుకును ఓడకెక్కించడానికి అప్పట్లో టన్నుకు 5 డాలర్ల 80 సెంట్లకు పైగా అయ్యేది. ఈ పద్ధతిలో దాదాపు 16 సెంట్లు అయింది.

పెట్టె కొలతలు అంతర్జాతీయంగా ఒకటయ్యాక అసలు మార్పు వచ్చింది. ఇరవై అడుగులు, నలభై అడుగులు. అదే పెట్టె లారీ మీద, రైలు మీద, ఓడ మీద సరిపోతుంది. మీటర్‌గేజి నుంచి బ్రాడ్‌గేజికి బస్తాలు మోసిన హమాలీ పనిని గుర్తుచేసుకోండి. కంటైనర్ రద్దు చేసింది సరిగ్గా ఆ పనినే. లోపల మందులున్నా మిరపకాయలున్నా బయట క్రేనుకు ఒకటే. రేవు సామర్థ్యాన్ని టన్నులతో పాటు ఇరవై అడుగుల పెట్టెల లెక్కన కూడా చెప్పడం మొదలైంది. దీన్నే టీఈయూ అంటారు. నలభై అడుగుల పెట్టె ఒకటి రెండు టీఈయూలు.

భారతదేశానికి మొదటి కంటైనర్ ఓడ 1973లో కొచ్చి రేవుకు వచ్చింది. 1981లో బెంగళూరులో మొదటి ఇన్‌లాండ్ కంటైనర్ డిపో పెట్టారు. సీలు వేసిన పెట్టెను దారిలో ఎవరూ తెరవనవసరం లేదు గనుక, కస్టమ్స్ తనిఖీ రేవు గేటు దగ్గరే జరగాలన్న నియమం అవసరం లేకుండా పోయింది. ఆ పనిని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. 1988లో ఏర్పడిన కంటైనర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా రైల్వే డిపోలను తన చేతిలోకి తీసుకుని ఈ పద్ధతిని విస్తరించింది. హైదరాబాదులో సనత్‌నగర్ డిపో ఈ సంస్థదే. తిమ్మాపూర్ డిపో ప్రైవేటు రంగంలో వచ్చింది. దాన్ని నడిపే సంస్థ 2018లో దుబాయ్ కేంద్రంగా ఉన్న డీపీ వరల్డ్ సమూహం చేతికి వెళ్ళింది.

విశాఖలో 2003 జూన్‌లో ప్రత్యేక కంటైనర్ టెర్మినల్ మొదలైంది. అందులో నాటి భాగస్వాముల్లో ఒకటి దుబాయ్ పోర్ట్స్ ఇంటర్నేషనల్, అంటే డీపీ వరల్డ్ పూర్వరూపం. తీరం మీద రేవును, మెట్ట మీద డిపోను, రెండింటినీ కావాలనుకునే సంస్థలు ఎందుకు పుట్టాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పెట్టె వచ్చాక రేవు, రోడ్డు, రైలు వేర్వేరు వ్యాపారాలు కావు.

ఓడ ఎందుకు రాదు?

పటం చూస్తే పాలమూరు సరుకు తూర్పు తీరానికి వెళ్ళాలి అనిపిస్తుంది. కాని హైదరాబాదు ప్రాంతపు కంటైనర్లలో పెద్ద భాగం దాదాపు ఏడు వందల కిలోమీటర్ల దూరంలో, ముంబై పక్కన 1989లో మొదలైన నవశేవా రేవుకు వెళ్తూ వచ్చింది. దీనికి కారణం ఓడల సర్వీసుల్లో ఉంది. యూరపుకు, అమెరికాకు నేరుగా వెళ్ళే పెద్ద ఓడలు సరుకు పుష్కలంగా దొరికే రేవుల దగ్గరే ఆగుతాయి. చిన్న రేవుల నుంచి ఫీడర్ ఓడలు పెట్టెలను కొలంబో, సింగపూర్ వంటి చోట్లకు తీసుకుపోయి అక్కడ పెద్ద ఓడకు మారుస్తాయి. మారేచోట రోజులు పోతాయి, ఖర్చు పెరుగుతుంది. అందుకని ఎగుమతిదారుడు నేరుగా ఓడ దొరికే దూరపు రేవునే ఎంచుకుంటాడు. అతడు అలా ఎంచుకోవడం వల్ల దగ్గరి రేవుకు సరుకు తగ్గుతుంది. సరుకు లేదు గనుక పెద్ద ఓడ రాదు. ఓడ రాదు గనుక సరుకు రాదు.

విశాఖ ఈ చిక్కు నుంచి కొంత బయటపడింది. 2015-16లో సుమారు 2.9 లక్షల టీఈయూలుగా ఉన్న దాని కంటైనర్ రాకపోకలు 2019-20 నాటికి 5 లక్షలకు చేరాయి. ఇందులో కోస్తా చెరువుల రొయ్యల పాత్ర పెద్దది. చల్లదనం తగ్గకుండా వెళ్ళవలసిన రొయ్యల పెట్టెలు ఒక క్రమంలో, ఏటికేడు ఎక్కువగా వచ్చాయి. ఓడల కంపెనీలకు కావలసింది ఆ నమ్మకమే. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఇలా సాగలేదు. 2012లో మొదలైన కంటైనర్ టెర్మినల్ కొన్నేళ్ళు బాగా నడిచినా, 2020లో రేవు యాజమాన్యం మారిన తరువాత 2024 ఆరంభంలో అక్కడికి కంటైనర్ ఓడలు రావడం ఆగిపోవడం మీద పెద్ద వివాదం నడిచింది. లోతు, క్రేన్లు ఉన్నచోటే ఉన్నాయి. నిర్ణయం మరో చోట జరిగింది. 1802 ఒప్పందాన్ని దీని పక్కన పెట్టి చదవండి.

ఇక ఎద్దు వీపు లెక్క. ఎగుమతి చేయాలంటే ముందు ఖాళీ పెట్టె కావాలి. దిగుమతులు బాగా ఉన్న చోట పెట్టెలు ఖాళీ అయి అక్కడే దొరుకుతాయి. లేకపోతే రేవు నుంచి ఖాళీ పెట్టెను కిరాయి కట్టి తెప్పించుకోవాలి. ఉప్పుతో ఎక్కి ధాన్యంతో దిగిన లంబాడీ నాయకుడికి ఈ సమస్య బాగా తెలుసు.

వాకిలి దగ్గరికి వచ్చాక

రేవు పని ఇంటి ముందుకు వచ్చింది. దానివల్ల ఎవరికి ఏం దక్కింది? జడ్చర్ల దగ్గరి పోలేపల్లిని తీసుకోండి. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ సేకరించిన భూముల్లో ఎగుమతుల కోసం ప్రత్యేక ఆర్థిక మండలి వెలిసింది. మందుల కంపెనీలు వచ్చాయి. భూములు పోయిన రైతులు పరిహారం చాలదని, పనులు దక్కలేదని ఏళ్ళ తరబడి ఉద్యమించారు. ఎన్నికల్లో అభ్యర్థులుగా నిలబడి ఓట్లు అడిగి తమ గోడు వినిపించారు. పోలేపల్లి వంటి చోటుకు రహదారి, రైలు, కంటైనర్ డిపో దగ్గరగా ఉండటం పరిశ్రమకు లాభం. ఆ దగ్గరితనం వల్లే అక్కడి భూమి ధర, దాని మీద పోటీ కూడా పెరిగాయి. కాబట్టి డిపో వచ్చిందన్న ఒక్క విషయంతో జిల్లా బాగుపడిందనో, నష్టపోయిందనో తేల్చడం తొందరపాటు. ఎవరి సరుకు, ఎవరి భూమి, ఎవరి కూలీ అని విడివిడిగా లెక్క వేయాలి. చిన్న రైతు పల్లీ బస్తా మార్కెట్ యార్డు దాకానే వెళ్తుంది; పెట్టె నిండా సరుకు పంపగలిగేది మిల్లు యజమాని గాని, వ్యాపారి గాని.

2014లో తెలంగాణ తీరం లేని రాష్ట్రంగా ఏర్పడింది. 2023 మేలో బందరులో కొత్త రేవు నిర్మాణ పనులు మొదలయ్యాయి. తెలంగాణ వైపు నుంచి డ్రైపోర్టు, బందరుకు నేరు దారి గురించి చర్చ సాగుతోంది. గోల్కొండ నాటి బాట మళ్ళీ పటం మీదికి వస్తోంది. కొత్త రేవు కోసం ఓడల కంపెనీలకు చూపవలసిన సరుకులో పాలమూరు, నల్లగొండల వాటా ఎంత, ఆ వాటాకు బదులుగా కిరాయిల్లో, సర్వీసుల్లో ఈ జిల్లాలు ఏం అడగగలవు అన్నది ఈ చర్చలో ఇంకా సరిగా రాలేదు.

మీరు చేయవలసిన పని

ఈ భాగానికి సంబంధించి ఒక చిన్న క్షేత్ర పరిశీలన చేయండి. 44వ నంబరు రహదారి పక్కన ఒక గంట సేపు సురక్షితమైన చోట నిలబడి, దాటిపోయే కంటైనర్ లారీలను లెక్కించండి. ఎన్ని ఉత్తరానికి, ఎన్ని దక్షిణానికి వెళ్ళాయో రాయండి. పెట్టె తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. అక్షరాల్లో మొదటి మూడు యజమాని గుర్తు. చివరి అంకె మిగతా నంబరు సరిగా ఉందో లేదో సరిచూసుకోవడానికి. రెండు మూడు నంబర్లు రాసుకుని ఆ పెట్టెలు ఏ కంపెనీవో తెలుసుకోండి. తరువాత మీ ఊళ్ళో ఎనభై ఏళ్ళు దాటిన వారిని, వీలైతే ఒక తండా పెద్దను, కలవండి. వారి చిన్నతనంలో ఉప్పు ఎక్కడి నుంచి వచ్చేది, ఎవరు తెచ్చేవారు, పల్లీ, ఆముదం ఏ స్టేషనుకు వెళ్ళేవి అని అడిగి, వారి మాటల్లోనే రాసుకుని మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి.